1912 నాటి ‘క్వీన్ ఎలిజబెత్’ నాటకానికి రికార్డింగా, సినిమానా?

ఫ్రెంచి రంగస్థల నటి సారా బెర్న్‌హార్ట్ నటించిన మూకీ ‘క్వీన్ ఎలిజబెత్’ (1912) మొదటిసారి చూశారని, కెమెరా ఒక్కచోటి నుంచి కదలకపోవడం, ఒక్క క్లోజప్ కూడా లేకపోవడం, నటీనటులు బారలు చాపి అభినయించడం వల్ల పది నిమిషాలకే విసుగు పుట్టిందని మీరు రాశారు. ఇది రంగస్థల నాటకాన్ని ఉన్నదున్నట్టు ఫిల్ము మీదికి ఎక్కించిన పనేనా, అలాగైతే సినిమా చరిత్ర చెప్పేవాళ్ళందరూ దీని పేరు ఎందుకు ఎత్తుతారు, దీన్ని ఏ దృష్టితో చూడాలి అన్నవి మీ ప్రశ్నలు.

సూటిగా చెప్పాలంటే ఇది నాటక ప్రదర్శనకు రికార్డింగు కాదు. మాటల మీద నడిచే నాటకంలోంచి మాటలను తీసేసి, మిగిలిన కథను కెమెరా ముందు శరీరంతోనే చెప్పేలా మళ్ళీ కట్టిన చిత్రం. మీకు లోపాలుగా కనిపించినవి నిజంగా అందులో ఉన్నవే, వాటిని నేను కాదనను. అయితే వాటిలో చాలా భాగం తెలిసి చేసుకున్న ఎంపికలు. చరిత్రకారులు దీని పేరు ఎత్తేది ఎక్కువగా వ్యాపార కారణం వల్ల. నా మటుకు నాకు దీని అసలు విలువ నటనలోనే ఉంది. ఫిలిం సొసైటీలో మూకీ చిత్రాల ప్రదర్శనలు నిర్వహిస్తూ, నటన నేర్చుకునే యువతకు పాఠాలు చెబుతూ వచ్చినవాడిని కాబట్టి ఆ అనుభవం నుంచే ఈ సమాధానం రాస్తున్నాను.

ముందుగా మూలం సంగతి. ఎమిల్ మోరో రాసిన నాటకం ఆధారంగా ఈ చిత్రం తయారైంది. ఆ నాటకాన్ని సారా 1912లోనే పారిస్‌లో తన పేరుతోనే ఉన్న రంగశాలలో ప్రదర్శించింది, అది ఎక్కువ రోజులు ఆడలేదు. అదే సంవత్సరం ఆన్రీ దెఫోంతేన్, లూయి మెర్కాంతన్‌ల దర్శకత్వంలో సినిమాగా తీశారు. సారా పుట్టింది 1844లో కనుక అప్పటికి ఆమెకు 67 ఏళ్ళు. ఆమె వేసిన పాత్ర ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్. రాణి ప్రేమించే ఎసెక్స్ ప్రభువుగా నటించిన లూ టెల్లెజెన్ సారా కంటే దాదాపు నాలుగు దశాబ్దాలు చిన్నవాడు. నిజమైన ఎలిజబెత్‌కూ ఎసెక్స్‌కూ మధ్య ముప్ఫై ఏళ్ళు మించిన తేడా ఉంది కాబట్టి ఇది పూర్తిగా అసందర్భమేమీ కాదు. సారా మోకాలికి 1905లో రియో డి జనీరోలో ‘టోస్కా’ నాటకం ఆడుతున్నప్పుడు గాయమైంది, అది మానక చివరికి 1915లో కాలు తీసేయవలసి వచ్చింది. సినిమాలో రాణి ఎంత సేపు కూర్చుని ఉంటుందో, నిలబడినప్పుడు ఎన్నిసార్లు ఎవరో ఒకరు ఆమెను పట్టుకుని ఉంటారో గమనించండి. నడవడం కష్టమైన నటి ఆ కష్టాన్ని వార్ధక్యపు హుందాతనంగా మార్చుకున్న తీరు అదని నా అభిప్రాయం.

ఇక రికార్డింగు ఎందుకు కాదో చూద్దాం. సారాకు ప్రపంచమంతటా పేరు తెచ్చింది ఆమె గొంతు. ‘బంగారు గొంతు’ అని ఫ్రాన్సులో చెప్పుకునేవారు. ఆ గొంతు వినిపించని మాధ్యమంలోకి ఆమె వస్తున్నప్పుడు, సంభాషణలను పెదవులతో ఆడించి కెమెరాకు చూపిస్తే సరిపోతుందని దర్శకులు అనుకుని ఉంటే, ఆ చిత్రం మనం ఇప్పుడు చూస్తున్నంత సేపు కూడా నిలబడేది కాదు. వాళ్ళు చేసింది వేరు. రంగస్థలం మీద ఒక అంకమంతా పట్టే వాదోపవాదాలను ఒక్కొక్క దృశ్యంలో ఒక్కొక్క నిర్ణయానికి కుదించారు. రాణి స్పానిష్ నౌకాదళం వార్త కోసం ఎదురుచూడడం, ‘మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్’ నాటకం చూసి సంతోషించి షేక్‌స్పియర్‌ను దగ్గరికి పిలవడం, జోస్యం చెప్పే స్త్రీ ఎసెక్స్‌కు వధ్యస్థానం రాసిపెట్టి ఉందనడం, ఆ భయాన్ని దాచుకుంటూ రాణి అతనికి ఉంగరం ఇచ్చి ‘ఎప్పుడు ఆపద వచ్చినా ఇది పంపు, నిన్ను కాపాడతాను’ అని మాట ఇవ్వడం. ఇలా ప్రతి దృశ్యానికీ ఒకే ఒక్క పని.

దీనికి పోలికగా మన దేశంలో అదే సంవత్సరం జరిగినది చెప్పాలి. 1912 మే 18న బొంబాయి కొరొనేషన్ సినిమాటోగ్రాఫ్‌లో విడుదలైన ‘శ్రీ పుండలీక్’ నిజంగానే ఒక మరాఠీ నాటక ప్రదర్శనను కెమెరాతో తీసినది. దాదాసాహెబ్ తోర్నే చేసిన ఆ ప్రయత్నాన్ని తొలి భారతీయ కథాచిత్రంగా చాలామంది ఒప్పుకోకపోవడానికి అదొక కారణం. కెమెరా నడిపింది బ్రిటిషు మనిషి కావడం, ఫిల్మును లండన్‌లో కడిగించడం మిగతా కారణాలు. ఏడాది తిరక్కుండానే 1913 మే 3న అదే హాలులో ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ వచ్చింది. హరిశ్చంద్ర కథ నాటకాల ద్వారా అందరికీ తెలిసినదే అయినా ఫాల్కే దాన్ని కెమెరా కోసం కట్టుకున్నాడు. కనుక ‘నాటకాన్ని తీయడం’, ‘నాటకంలోంచి సినిమా తీయడం’ అన్న రెండింటి మధ్య గీత ఆ కాలం వాళ్ళకు కూడా తెలిసిందే. ‘క్వీన్ ఎలిజబెత్’ ఆ గీతకు రెండో వైపున ఉంది, అయితే గీతకు బాగా దగ్గరగా ఉంది. మీ విసుగుకు మూలం ఆ దగ్గరితనమే.

కెమెరా ఎందుకు కదలదు, ముఖం ఎందుకు దగ్గరగా చూపరు? అప్పటి ఫ్రెంచి పద్ధతిలో మనిషిని తల నుంచి పాదం దాకా చూపడం సభ్యతగా, కళగా భావించేవారు. 1908లో పారిస్‌లోని కామెడీ ఫ్రాంసేజ్ నాటకశాల నటులతో తీసిన ‘డ్యూక్ ఆఫ్ గీజ్ హత్య’ కూడా అలాగే ఉంటుంది. అమెరికాలో మాత్రం అదే 1912లో దర్శకుడు గ్రిఫిత్ ‘మస్కెటీర్స్ ఆఫ్ పిగ్ యాలీ’లో రౌడీలను గోడవారగా నడిపించి, వాళ్ళ ముఖాలు తెర నిండేదాకా దగ్గరకు రప్పించాడు. దాని పక్కన పెట్టి చూస్తే ఫ్రెంచి చిత్రం పాతబడినట్టు కనిపించడం సహజం, అప్పట్లోనే కొందరికి అలా కనిపించి ఉండవచ్చు కూడా. అయితే సారాను నిలువెత్తున చూపకపోతే ఆమె నటనలో సగం పోతుంది. ఆమె ముఖంతో కంటే వెన్నెముకతో ఎక్కువ నటిస్తుంది. నడుము నుంచి మెడ దాకా ఒక వంపు తిరిగి, ఆ వంపు చేతి వేళ్ళ దగ్గర ఆగుతుంది. ముఖం మాత్రమే కోసి చూపిస్తే ఆ వంపు ఎక్కడ మొదలైందో ప్రేక్షకుడికి తెలియదు.

నేను ఒకసారి ఈ చిత్రాన్ని చిన్న బృందానికి చూపిస్తున్నప్పుడు, ఎన్నో ఏళ్ళు పద్యనాటకాల్లో వేషాలు వేసిన ఒక పెద్దాయన పక్కన కూర్చున్నారు. మిగతా కుర్రవాళ్ళు చేతుల ఊపులు చూసి నవ్వుతుంటే ఆయన మాత్రం ముందుకు వంగి చూస్తున్నారు. చిత్రం అయ్యాక ఆయన అన్న మాట నాకు పాఠం చెప్పడానికి ఇప్పటికీ పనికొస్తోంది: ‘ఆవిడ చెయ్యి ఎత్తే ముందు ఊపిరి ఎత్తుతోంది, మిగతావాళ్ళు ఉత్త చెయ్యి ఎత్తుతున్నారు.’ ఆ మాట పట్టుకుని మళ్ళీ చూడండి. రాణి ఆంతరంగికురాలైన నాటింగ్‌హామ్ ప్రభువు భార్యతో ఎసెక్స్ ఉండగా రాణి కంటపడే దృశ్యంలో, ఆగ్రహం చేతుల్లోకి రాకముందే భుజాలు పైకి లేవడం, ఛాతీ బిగియడం కనిపిస్తుంది. చెయ్యి చివరన వస్తుంది. చుట్టూ ఉన్న సభికులు మాత్రం ఒకేసారి అందరూ చేతులు ఎత్తుతారు, వాళ్ళది అతి నటన అన్న మీ ఫిర్యాదు న్యాయమే. ఎసెక్స్ పాత్రధారి కూడా నిలువుగా, బిరుసుగా ఉంటాడు. నటనంతా ఒకే స్థాయిలో లేదు అనడం సరైన విమర్శ. నటనంతా చేతులు ఊపడమే అనడం మాత్రం సరికాదు.

మీరు రాసిన మరో అభ్యంతరం గురించి కొంచెం ఎక్కువగా రాయాలి, ఎందుకంటే దాదాపు ప్రతి కొత్త ప్రేక్షకుడూ అక్కడే ఆగిపోతాడు. దృశ్యం మొదలుకాక ముందే అక్షరాల పలక వచ్చి జరగబోయేదంతా చెప్పేస్తుంది, తర్వాత అదే జరుగుతుంది, ఇక ఉత్కంఠ ఎక్కడిదని మీరు అడిగారు. నిజమే, ఉంగరం ఇవ్వబోతున్నట్టు, దాన్ని నాటింగ్‌హామ్ ప్రభువు లాక్కుని థేమ్స్ నదిలోకి విసరబోతున్నట్టు మనకు ముందే తెలుస్తుంది. ఉత్కంఠ మీద ఆధారపడే సినిమాకు ఇది చేటు. కానీ ఈ చిత్రం అడిగేది ఆ రకపు శ్రద్ధ కాదు. మన దగ్గర ‘హరిశ్చంద్ర’ నాటకానికి రాత్రంతా కూర్చునే జనంలో కాటి సీనులో ఏం జరుగుతుందో తెలియనివాడు ఒక్కడూ ఉండడు, ఈ నటుడు ఆ పద్యాన్ని ఎలా ఎత్తుతాడో, ఎక్కడ ఆపుతాడో చూడడానికే వస్తాడు. పారిస్ ప్రేక్షకులకు సారా కూడా అలాంటి నటే. ‘ఏం జరుగుతుంది’ అన్న ప్రశ్నను పలక తీర్చేసి, ‘ఈమె దాన్ని ఎలా చేస్తుంది’ అన్నదానికి తెరను ఖాళీ చేసి పెడుతుంది. ఈ సంగతి ముందే చెప్పి చూపించిన ప్రదర్శనల్లో ప్రేక్షకులు కదలకుండా కూర్చున్నారు, చెప్పకుండా చూపించినప్పుడు సగంలోనే కుర్చీలు ఖాళీ అయ్యాయి.

ఈ మాట నటన విద్యార్థులకు ఎక్కాలంటే చెబితే చాలదు, చేయించాలి. ఉంగరం ఇచ్చే దృశ్యాన్ని ముందు వాళ్ళ సొంత తెలుగు సంభాషణలతో ఆడిస్తాను. రాణి పాత్ర వేసే అమ్మాయి సహజంగానే ప్రేమ, భయం, అధికారం మూడూ మాటల్లో పెట్టేస్తుంది. తర్వాత మాటలు తీసేసి అదే దృశ్యం చేయమంటే మొదట అందరూ మాటలకు బదులు సైగలు పెడతారు: గుండె మీద చెయ్యి, కత్తి గుర్తు, కన్నీరు తుడుచుకోవడం. అది మూగభాష అవుతుంది కానీ నటన కాదు. ఆ తర్వాత సారా దృశ్యాన్ని చూపిస్తాను. జోస్యం విని రాణి ఎసెక్స్ కళ్ళలో పడకుండా తన భయాన్ని దాచుకోవాలి, మనకు మాత్రం కనబడాలి. ఉంగరం ఆమెకు ఆ దాపరికానికి సాధనం. భయాన్ని ఒక పనిగా మార్చింది కాబట్టి ప్రత్యేకంగా సైగ అక్కర్లేకపోయింది. నాటకాన్ని మూకీగా మార్చడంలో అసలు పని ఇదే: ప్రతి మాటకూ ఒక సైగ వెతకడం కాదు, మాటలన్నీ కలిసి చేసే పనిని ఒక వస్తువుకో ఒక కదలికకో అప్పజెప్పడం. ఉంగరం కథ చరిత్రలో సాక్ష్యం లేని కట్టుకథ, ఎలిజబెత్ పోయిన చాలా కాలానికి ప్రచారంలోకి వచ్చింది. ఎసెక్స్‌ను 1601 ఫిబ్రవరి 25న లండన్ టవర్‌లో శిరచ్ఛేదం చేసింది మాత్రం తిరుగుబాటు నేరానికి. చరిత్రగా చూస్తే చిత్రం ఎక్కడా నిలబడదు. నాటకకర్తకూ దర్శకులకూ కావలసింది చేతికి ఇచ్చిపుచ్చుకోగల వస్తువు, అది ఆ కట్టుకథలో దొరికింది.

రాణి మరణ దృశ్యం చూసి నవ్వు వచ్చిందని మీరు రాశారు కనుక అది వేరుగా చూద్దాం. ఏళ్ళ తరబడి ఐరోపా, అమెరికా రంగస్థలాల మీద చనిపోవడాన్నే ఒక కళగా చూపించిన నటి ఆమె. టోస్కాగా, ‘డామ్ ఓ కమేలియా’లో మార్గరీట్‌గా ఆమె మరణించడం చూడడానికే జనం టిక్కెట్లు కొనేవారు. ఇక్కడ నేల మీద మెత్తలు గుట్టగా పేర్చి ఉంటాయి. పరిచారికలు చుట్టూ ఉంటారు. రాణి మంచం ఎక్కడానికి ఒప్పుకోదు, నిలబడే ఉండాలని చూస్తుంది, చివరకు చేతులు చాచి ముందుకు, ముఖం కిందికి వచ్చేలా ఆ మెత్తల మీద కూలిపోతుంది. 1603 మార్చిలో రిచ్‌మండ్ భవనంలో ఎలిజబెత్ పడకకు వెళ్ళనని నేల మీద మెత్తల పైనే రోజులు గడిపిందన్న కథనం బాగా ప్రసిద్ధం. పోల్ దెలారోష్ 1828లో వేసిన, లూవ్ర్ మ్యూజియంలో ఉన్న పెద్ద చిత్తరువులో కూడా రాణి మెత్తల మీద పడి ఉంటుంది. పారిస్ ప్రేక్షకులు ఆ మెత్తలు చూడగానే ఆ చిత్తరువు గుర్తు చేసుకుంటారని తీసినవాళ్ళకు తెలిసే ఉంటుంది. మనకు ఆ జ్ఞాపకం లేదు కాబట్టి మెత్తలు దెబ్బ తగలకుండా పరిచినట్టు కనిపిస్తాయి. చిత్తరువు బొమ్మ ఒకసారి చూసి తర్వాత ఆ దృశ్యానికి రండి. కొన్ని ప్రతుల్లో మరణం తర్వాత సారా లేచి తెర ముందుకు వచ్చి నమస్కరించడం కూడా ఉంది. అది రంగస్థలం నుంచి తెంచుకోలేకపోయిన అలవాటే, దాన్ని సమర్థించను.

చరిత్ర చెప్పేవాళ్ళ కారణం ఏమిటంటే, ఈ చిత్రపు అమెరికా హక్కులు కొన్నది అడాల్ఫ్ జుకర్. హంగరీ నుంచి వలస వెళ్ళి, బొచ్చు తోలు వస్త్రాల వ్యాపారం చేసి, సినిమా హాళ్ళలోకి దిగిన మనిషి. అప్పటి అమెరికాలో సినిమా అంటే ఐదు సెంట్లిచ్చి చూసే ఒకటి రెండు రీళ్ళ కాలక్షేపం. నాలుగు రీళ్ళ కథను జనం కూర్చుని చూస్తారని, పేరున్న రంగస్థల నటి ఉంటే నాటకాలకు వెళ్ళే మధ్యతరగతి కూడా వస్తుందని ఆయన పందెం కాశాడు. 1912 జూలై 12న న్యూయార్క్‌లో నాటకాలాడే లైసియం థియేటర్లో దీన్ని ప్రదర్శించాడు. జోసెఫ్ కార్ల్ బ్రైల్ దీనికి ప్రత్యేకంగా సంగీతం కూర్చాడు. పందెం గెలిచింది. పేరున్న నాటకాలు, పేరున్న నటులు అన్న ఆ సూత్రంతోనే జుకర్ ‘ఫేమస్ ప్లేయర్స్’ సంస్థ నడిచింది, తరువాత పారమౌంట్ దానిలోంచే పెరిగింది. తొలి తెలుగు టాకీ కూడా ఈ దారినే వచ్చింది. హెచ్.ఎం.రెడ్డి 1932లో తీసిన ‘భక్త ప్రహ్లాద’కు ఆధారం రంగస్థల నాటకమే, లీలావతిగా నటించిన సురభి కమలాబాయి నాటక సమాజం నుంచి వచ్చిన మనిషే. కొత్త మాధ్యమం వచ్చినప్పుడల్లా పెట్టుబడి పెట్టేవాడు ముందు రంగస్థలం తలుపే తట్టాడు.

చూసే ముందు రెండు జాగ్రత్తలు. ఇంటర్నెట్‌లో తిరిగే కొన్ని ప్రతుల్లో బొమ్మ ఉండవలసిన దాని కంటే వేగంగా పరుగెడుతుంది. ఆ కాలంలో కెమెరాను చేత్తో తిప్పేవారు కనుక సెకనుకు 16 నుంచి 18 ఫ్రేముల వేగం మామూలు. దాన్ని నేటి 24 ఫ్రేముల వేగంలో పెడితే నెమ్మదిగా, బరువుగా ఎత్తిన చెయ్యి కూడా ఎగిరిపడినట్టు ఉంటుంది. మీకు నవ్వు తెప్పించినదానిలో ఎంత సారాది, ఎంత ఈ వేగానిది అన్నది నెమ్మదిగా ఆడే ప్రతి చూస్తే తేలిపోతుంది, లేదా మీ ప్లేయర్‌లో వేగాన్ని 0.75కు తగ్గించి చూడండి. రెండోది సంగీతం. నిశ్శబ్దంగా చూడకండి. మూకీలను నిశ్శబ్దంగా చూపించడం అప్పట్లో అరుదు. అలాగని దొరికిన ఏ పియానో ముక్కనో తగిలించిన ప్రతి కూడా దృశ్యాన్ని చెడగొడుతుంది, పాట లయకు సారా లయ కుదరదు. నేను ప్రదర్శించేటప్పుడు ఒక్క వయొలిన్‌తో సరిపెట్టి, అక్షరాల పలకలను తెలుగులో ఒకరి చేత గట్టిగా చదివిస్తాను. మూకీల రోజుల్లో మన ఊళ్ళలో తెర పక్కన నిలబడి కథ చెప్పే వ్యాఖ్యాతలు ఉండేవారు కనుక అది కొత్త పద్ధతేమీ కాదు, చదువుతూ కళ్ళు అలిసే ఇబ్బందీ తప్పుతుంది.

దీని తర్వాత ఏం చూడాలని కూడా అడిగారు. నటన కోసమైతే 1910 నాటి డేనిష్ చిత్రం ‘అఫ్‌గ్రుండెన్’లో ఆస్తా నీల్సన్‌ను చూడండి. సారా కంటే రెండేళ్ళ ముందే సినిమాకు తగిన నటన ఎంత చిన్నగా ఉండవచ్చో ఆమె చూపించింది, కనుక ‘అప్పటికి ఎవరికీ తెలియదు’ అన్న సమర్థన సారాకు చెల్లదు. నాటకాన్ని సినిమాగా మార్చడం కోసమైతే 1920 నాటి గ్రిఫిత్ ‘వే డౌన్ ఈస్ట్’. లాటీ బ్లెయిర్ పార్కర్ నాటకం హక్కులకు ఆయన 1,75,000 డాలర్లు చెల్లించాడు. పాత మెలోడ్రామాకు అంత సొమ్మా అని అందరూ ఆశ్చర్యపోయారు. మంచుపలక మీద పడి కొట్టుకుపోతున్న లిలియన్ గిష్ చెయ్యి, జుట్టు నదీజలాల్లో ఈడ్చుకుపోయే దృశ్యాన్ని ఏ రంగస్థలమూ ఇవ్వలేదు. ఆ పైన 1925 నాటి, దర్శకుడు లూబిచ్ తీసిన ‘లేడీ విండర్‌మియర్స్ ఫ్యాన్’. ఆస్కార్ వైల్డ్ నాటకమంటేనే చమత్కార సంభాషణలు, లూబిచ్ వాటిలో ఒక్కదాన్ని కూడా పలకల మీద వాడలేదు. నాటకంలో లేని గుర్రప్పందాల దృశ్యం కల్పించి, గ్యాలరీలోని పెద్దమనుషులందరి బైనాక్యులర్లూ గుర్రాలను వదిలేసి ఒక్క స్త్రీ మీదికి తిరిగేలా చేశాడు. వైల్డ్ మాటలు చేసే పనిని బైనాక్యులర్లు చేశాయి. ‘క్వీన్ ఎలిజబెత్’లో ఉంగరం ఇచ్చే దృశ్యం, లూబిచ్ గుర్రప్పందాల దృశ్యం ఒకే రోజు వెంటవెంటనే చూడండి, పదమూడేళ్ళలో ఆ పద్ధతి ఎంత దూరం వచ్చిందో మీ కళ్ళకే తెలుస్తుంది.